మిషను కదిలినప్పుడు కస్తూరి ఏం చేస్తూ ఉంది?

2022 జులై. కరోనాకు మూతపడిన నా స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసును తిరువళ్ళూరులో మళ్ళీ తెరిచి అప్పటికి మూడు నెలలయింది. రైల్వే స్టేషనుకు నాలుగు వీధుల అవతల, ఒక టైలరు కొట్టు పైన, ఒకే గది. కింద కుట్టు మిషన్ల చప్పుడు, పైన మా ఇంగ్లీషు చప్పుడు. పొద్దున తిరుత్తణిలో ఒక బడిలో పిల్లలకు పాఠం చెప్పి, మధ్యాహ్నం రైలెక్కి తిరువళ్ళూరు చేరి, సాయంత్రం ఆరున్నర దాకా పెద్దవాళ్ళకు చెప్పేదాన్ని. పెద్దవాళ్ళంటే పట్టాభిరామ్ నుంచి, తిరునిన్రవూరు నుంచి, చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి వచ్చే పనివాళ్ళు. ఇంటర్వ్యూ కోసం కొందరు, పిల్లల బడిలో టీచర్లతో మాట్లాడాలని కొందరు.

ఈ వృత్తిలో పాస్ట్ కంటిన్యూయస్ టెన్స్‌ను ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. గడిచిన కాలంలో ఒక పని ఇంకా నడుస్తూ ఉందని చెప్పే క్రియారూపం అది. ‘ఐ ఏట్’ అంటే తిన్నాను. ‘ఐ వాజ్ ఈటింగ్’ అంటే తింటూ ఉన్నాను. వాజ్ గానీ వర్ గానీ పెట్టి, క్రియ చివర ఇంగ్ తగిలించమని బోర్డు మీద రాసి, పది ఖాళీలు పూరించమనేదాన్ని. అందరూ పూరించేవారు. మెట్లు దిగేసరికి మరిచిపోయేవారు. నేనూ పెద్దగా పట్టించుకోలేదు. అది పరీక్షకు పనికొచ్చే సంగతి అనుకునేదాన్ని తప్ప, ఒక మనిషి ఉద్యోగం దాని మీద ఆధారపడుతుందని ఏనాడూ అనుకోలేదు.

ఆ సోమవారం సాయంత్రం కస్తూరి వచ్చింది. కడంబత్తూరు మనిషి, ముప్పై ఆరేళ్ళుంటాయి. మా ఇంటిలాగే వాళ్ళదీ నేతపని చేసిన కుటుంబం. మగ్గాలు ఆగిపోయాక ఆమె ఫ్యాక్టరీలో చేరింది. కారులో వాడే కరెంటు తీగల చివర ఇత్తడి ముక్కను బిగించే ప్రెస్సు దగ్గర పదకొండేళ్ళుగా పని చేస్తోంది. ఎడమచేతికి మణికట్టు దాకా కట్టు ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మిస్, నాకు ఐదు దినాల్లో ఇంగ్లీషు రావాల,” అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

“శనివారం ఎన్‌క్వైరీ ఉండాది. ఢిల్లీ పక్క నుంచి పెద్ద ఆఫీసరు వస్తా ఉండాడు. ఆయనకు తమిళమూ రాదు, తెలుగూ రాదు. నేనే మాట్లాడాల.”

“నీ మాటను ఇంగ్లీషులో చెప్పేవాళ్ళు ఎవరూ లేరా అక్కడ?”

“ఉండారు. మా సూపర్‌వైజరు దేవరాజన్న చెప్తానన్నాడు. అయితే మిస్, ఆ దినం మిసిను ఆన్ చేసింది ఆయనే.”

అప్పుడు కూర్చుని జరిగినదంతా చెప్పింది. రెండు వారాల కిందట, పనివేళలో, ప్రెస్సులో ఒక ఇత్తడి ముక్క ఇరుక్కుంది. అలాంటప్పుడు మిషను ఆపి, గార్డు తెరిచి, ముక్క తీయాలి. గార్డు అంటే మిషను నోటికి ఉండే మూత. కస్తూరి ఎర్ర బటను నొక్కి మిషను ఆపింది, మూత తెరిచింది, చెయ్యి లోపల పెట్టింది. మూత తెరిచి ఉన్నంతసేపు ప్రెస్సు కదలకూడదు. కానీ ఆ ఏర్పాటు చెడిపోయి కొన్నాళ్ళయింది, బాగుచేయలేదు. లైను, అంటే మిషన్ల వరస, చివర నిలబడి ఉన్న దేవరాజ్‌కు ఇవతల ఆమె వంగి ఉన్నది కనబడలేదు. మిషను ఊరికే ఆగిపోయిందనుకుని, అక్కడి బటను నొక్కి స్టార్ట్ చేశాడు. ఆమె చూపుడువేలి కొస తెగిపోయింది, పక్క వేలు నలిగింది.

“దీంట్లో నీ తప్పు ఏముంది?” అన్నాను.

ఆమె సంచిలో నుంచి ఒక జిరాక్స్ కాగితం తీసి నా ముందు పెట్టింది. అది స్టేట్‌మెంటు, అంటే ప్రమాదం జరిగాక దెబ్బ తగిలినవాళ్ళు తమ మాటల్లో రాసి ఇచ్చే వాంగ్మూలం. ఆసుపత్రిలో కట్టు కట్టిన వెంటనే, పడుకున్న మంచం మీదే, కుడిచేత్తో ఆమే రాసింది. ఫారం ఇంగ్లీషులో ఉందని, వచ్చిన ఇంగ్లీషులోనే రాసింది. అందులో ఒకే వాక్యం: ‘వెన్ మెషిన్ స్టార్టెడ్, ఐ పుట్ మై హ్యాండ్ ఇన్‌సైడ్.’

నేను రెండుసార్లు చదివాను. మిషను స్టార్ట్ అయినప్పుడు నేను చెయ్యి లోపల పెట్టాను. ఇంగ్లీషు తెలిసిన ఎవరికైనా ఈ వాక్యం చెప్పేది ఒకటే: ముందు మిషను కదిలింది, తరువాత ఈమె చెయ్యి పెట్టింది. నడుస్తున్న మిషనులో చెయ్యి పెట్టడం అక్కడ ఉద్యోగం పోయే తప్పు. ఆ మాట ఆమే, సంతకం పెట్టి, రాసిచ్చింది.

ఇక్కడ నాకు ఒక సందేహం కలిగింది, దాచుకోకుండా చెబుతాను. ఈమె నిజంగానే నడిచే మిషనులో చెయ్యి పెట్టి, ఇప్పుడు ఇంగ్లీషు సాయంతో తప్పించుకోవాలని చూస్తోందా? నేను దానికి తోడ్పడుతున్నానా? అందుకే అడిగాను.

“కస్తూరి, నాకు వేరే ఏమీ వద్దు. మిషను కదిలినప్పుడు నువ్వు ఏం చేస్తూ ఉన్నావో, నీ మాటలో, మెల్లగా చెప్పు. ఇంగ్లీషు వద్దు.”

ఆమె కళ్ళు మూసుకుంది. కుడిచెయ్యి గాలిలో ఏదో పట్టుకున్నట్టు కదిలింది. “మూత తెరిచినాను. చెయ్యి పెట్టినాను. ముక్క గట్టిగా ఉండినాది. రెండు వేళ్ళతో పట్టి ఇట్ల తిప్పి తీస్తా ఉండినాను. తీస్తా ఉండినాను మిస్, అప్పుడే అది కిందికి వచ్చేసినాది.”

“ఆ మాట మళ్ళీ చెప్పు.”

“ఏ మాట?”

“ఏం చేస్తా ఉండినావు?”

“తీస్తా ఉండినాను.”

నేను లేచి నిలబడ్డాను. ఇన్నేళ్ళుగా బోర్డు మీద రాసి, ఖాళీలు పూరింపించి, ఎవరి తలకూ ఎక్కించలేకపోయిన టెన్స్ ఆమె నోట్లో సిద్ధంగా ఉంది. సుద్దముక్క తీసి ‘తీస్తా’ అని రాసి దాని కింద ‘రిమూవింగ్’ అని రాశాను. ‘ఉండినాను’ అని రాసి దాని కింద ‘ఐ వాజ్’ అని రాశాను. ఆమెకు తెలుగు అక్షరాల కంటే తమిళ అక్షరాలే బాగా వచ్చునని తెలిసి, అదంతా తమిళంలోనూ రాశాను.

“చూడు. ఉండినాను అంటే ఐ వాజ్. తీస్తా అంటే రిమూవింగ్. మన మాటల వరస తిప్పితే సరి. ఐ వాజ్ రిమూవింగ్.”

ఆమె బోర్డుకేసి చాలాసేపు చూసింది. “ఇంతేనా? ఇది నాకు ముందే తెలుసునా మిస్?”

“మాటలు నేర్చినప్పటి నుంచి తెలుసు.”

“అయితే కాగితంలో నేను ఏం తప్పు చేసినాను?”

“నీ మనసులో ‘చెయ్యి పెట్టి ఉండినాను’ అని ఉంది. రాసేటప్పుడు ‘ఉండినాను’ని వదిలేసి ‘పెట్టినాను’ ఒక్కదాన్నే రాసినావు. నువ్వు వదిలిన ఆ ఒక్క మాటలోనే నీ నిజమంతా ఉంది.”

ఆమె కాగితాన్ని దగ్గరికి లాక్కుని ఆ వాక్యం మీద వేలు పెట్టింది. “నా చేత్తోనే రాసినాను కదా,” అంది మెల్లగా. అంతవరకు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, “సరి, ఇంకోటి చెప్పండి,” అంది.

మంగళవారం నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఆమెకు ఒక్క జవాబు కూడా రాసి ఇవ్వను. రాసి ఇస్తే అది నా వాంగ్మూలం అవుతుంది. క్రియను వాడే పద్ధతి మాత్రమే ఇస్తాను, వాక్యం ఆమెదే కావాలి. ఆ రోజంతా రెండే ప్రశ్నలు నడిచాయి. ‘వాట్ డిడ్ యూ డూ వెన్ ది మెషిన్ స్టార్టెడ్?’ మిషను కదలగానే నువ్వు ఏం చేశావు? ‘వాట్ వర్ యూ డూయింగ్ వెన్ ది మెషిన్ స్టార్టెడ్?’ మిషను కదిలేటప్పటికి నువ్వు ఏం చేస్తూ ఉన్నావు? చెవికి దాదాపు ఒకేలా వినిపించే ఈ రెండింటికీ జవాబులు వేరు. మొదటిదానికి, కేక వేశాను. రెండోదానికి, ముక్క తీస్తూ ఉన్నాను. ఆఫీసరు మొదటి ప్రశ్న అడిగి, ఈమె రెండోదానికి జవాబు చెబితే పాత చిక్కే మళ్ళీ వస్తుంది.

ఆమె మొదట తడబడింది. ఇరవైసార్లు మార్చి మార్చి అడిగాను. చివరికి ఆమే ఒక కిటుకు పట్టింది. “మిస్, డిడ్ వస్తే తరువాతి పని. డూయింగ్ వస్తే ముందు నుంచి జరగతా ఉండే పని. కరెక్టా?”

నా పుస్తకాల్లో ఏ వివరణా అంత సూటిగా లేదు. దాన్ని నా డైరీలో రాసుకున్నాను.

బుధవారం నుంచి ఇద్దరం ఒకే రైలెక్కాం. ఆమె కడంబత్తూరులో దిగుతుంది, నేను తిరుత్తణి దాకా పోతాను. ఉన్నది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు నేను ఆమె చేత కిటికీ బయట, రైలు పెట్టెలో కనబడిందల్లా చెప్పించాను. మా ఎదురుగా ఒక పెద్దావిడ ఒళ్ళో గిన్నె పెట్టుకుని మల్లెపూలు కడుతోంది. రైలు ఒక్క కుదుపు కుదిపింది, నాలుగు మొగ్గలు కింద పడ్డాయి.

“చెప్పు,” అన్నాను.

“షీ వాజ్... కట్టడానికి ఏమంటారు మిస్?”

“టైయింగ్.”

“షీ వాజ్ టైయింగ్ ఫ్లవర్స్. ట్రైన్ షేక్. ఫ్లవర్స్ ఫాల్ డౌన్.”

షేక్, ఫాల్ తప్పే. నేను సరిదిద్దలేదు. కడుతూ ఉన్నది నడిచే పని, కుదుపు దాన్ని మధ్యలో తాకిన పని. ఆ తేడా ఆమెకు పట్టుబడింది. అదే కావలసింది.

పెద్దావిడ తలెత్తి, “నన్ను గురించి ఏందో చెప్పుకుంటా ఉండారే?” అంది.

కస్తూరి సంగతి చెప్పింది. కట్టు చూసి ఆవిడ కడుతున్న పూలు ఆపింది. “నేను పూలు కడతా ఉండినాను, రైలు ఊగింది. దాన్ని పూలు కట్టినాను అని రాస్తే ఎట్ల సరిపోతుంది? మాల ఇంకా సగంలోనే ఉండాది కదా.” తరువాత కస్తూరి చేతిలో గుప్పెడు మల్లెలు పెట్టింది. అప్పటికే పెట్టెలో సగం మంది మమ్మల్ని చూస్తున్నారు. ఎవరో కాలేజీ అమ్మాయి, “నేను ఫోను చూస్తా ఉండినాను, అది కూడా చెప్పండక్కా,” అంది. కస్తూరి చెప్పింది. తప్పు లేకుండా చెప్పింది. కడంబత్తూరు వచ్చినా దిగాలని గుర్తు లేదు, నేనే తట్టి దింపాను.

గురువారం పరీక్ష కఠినంగా పెట్టాను. నేను ఆఫీసరులా కూర్చుని, గొంతు పెంచి, తొందరపెట్టి అడిగాను. ఆమె వాజ్ చోట వర్ అంది, వర్ చోట వాజ్ అంది. “నాకు రాదు మిస్. దేవరాజన్న చేతే చెప్పిస్తాను,” అంది.

“ఆయన వద్దనే కదా నా దగ్గరికి వచ్చావు. అబద్ధం చెప్తాడని భయమా?”

“లేదు. ఆయన చెడ్డోడు కాదు. ఆసుపత్రికి నన్ను ఎత్తుకొని పోయింది ఆయనే. అయితే ఆయనకీ భయమే కదా. భయపడే మనిషి నోట్లో నా మాట యాడ తిరుగుతుందో ఎవురికి తెలుసు?”

“అయితే నువ్వే చెప్పు. వాజ్, వర్ తప్పినా పరవాలేదు. ఇంగ్ మాత్రం విడవద్దు. విన్నవాడికి అది చాలు.”

శుక్రవారం రైలులో, కడంబత్తూరు వచ్చేలోపు ఇంకొక సంగతి చెప్పాను. ఇంగ్లీషువాళ్ళు ఈ టెన్స్‌ను మర్యాదకు కూడా వాడతారు. పెద్దవాళ్ళను ఏదైనా అడగాలంటే ‘ఐ వాంట్’ అని సూటిగా అనకుండా, ‘ఐ వాజ్ వండరింగ్’ అని మొదలుపెడతారు. ఇప్పుడే అడుగుతున్నా, అప్పటి నుంచి మనసులో అనుకుంటూ ఉన్నాను అన్నట్టు మెత్తబడుతుంది. ఆమె తలూపి నోటుబుక్కులో తమిళ అక్షరాలతో రాసుకుంది. అది ఆమెకు అవసరం పడుతుందని నేను అనుకోలేదు. ఊరికే, నా ఉత్సాహం కొద్దీ చెప్పాను.

శనివారం పదకొండింటికి ఎన్‌క్వైరీ. బడికి సెలవు కాబట్టి నేను పొద్దుటి నుంచే తిరువళ్ళూరు గదిలో పాఠం చెబుతున్నాను. ఏం చెప్పానో గుర్తు లేదు. పన్నెండున్నరకు ఫోను మోగింది. కస్తూరి గొంతు, చుట్టూ లారీల చప్పుడు. ఫ్యాక్టరీ గేటు బయట నిలబడి ఉందట.

“మొదలు నుంచి చెప్పు,” అన్నాను. పాఠం ఆపేసి ఫోను స్పీకరులో పెట్టాను. గదిలో పన్నెండు మంది కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

ఆమె చెప్పింది ఇది. పొడవాటి బల్ల. అవతల ఆఫీసరు, నడివయసు మనిషి, చేతిలో ఆమె స్టేట్‌మెంటు. పక్కన దేవరాజ్. ఆఫీసరు కాగితం చూస్తూ, “వాట్ డిడ్ యూ డూ వెన్ ది మెషిన్ స్టార్టెడ్?” అన్నాడు. దేవరాజ్ తమిళంలోకి మార్చబోయాడు. కస్తూరి చెయ్యెత్తి ఆపింది. “ఐ స్పీక్ సార్,” అంది.

“డిడ్ వచ్చినాది మిస్. తరువాతి పని. అందుకని, ఐ షౌటెడ్ సార్, అన్నాను. ఆయన తలెత్తినాడు. ఇందులో వేరేగా ఉండాదే, చెయ్యి పెట్టినాను అని రాసినావే అని అడిగినాడు.”

“అప్పుడు?”

“నో సార్ అన్నాను. ‘బిఫోర్, మెషిన్ ఆఫ్. ఐ వాజ్ రిమూవింగ్ ది పీస్. మై హ్యాండ్ వాజ్ ఇన్‌సైడ్. ఐ వాజ్ రిమూవింగ్, దెన్ మెషిన్ స్టార్టెడ్.’ ఇట్ల చెయ్యి పెట్టి చూపించినాను.”

గదిలో వెనక వరసవాళ్ళు లేచి ఫోను దగ్గరికి వచ్చారు.

ఆఫీసరు ఆమె మాటనే తిరిగి అన్నాడట: యూ వర్ రిమూవింగ్. ఆమె అవునంది. ఆయన కాగితం పక్కన పెట్టి, ప్రెస్సు కంప్యూటరులో నమోదయ్యే స్టార్ట్, స్టాప్ సమయాలు తెప్పించమన్నాడు. ఆ మిషను ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు కదిలిందో నిమిషాలతో సహా దానిలో ఉంటుంది. రెండు వారాలుగా ఎవరూ దాన్ని తెరిచి చూడలేదు. ఆమే తప్పు ఒప్పుకుని రాసిచ్చిందని అనుకున్నాక, చూడవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. తెరిచి చూస్తే, ప్రమాదానికి ముందు మిషను నాలుగు నిమిషాలు ఆగి ఉంది. ఆపింది కస్తూరి వైపు ఎర్ర బటను. కదిపింది లైను చివరి బటను.

ఆఫీసరు దేవరాజ్ వైపు తిరిగాడు. దేవరాజ్ ఇంగ్లీషులోనే, “అవును సార్, నేనే ఆన్ చేసినాను. ఆమె అక్కడ ఉన్నది నాకు కనబడలేదు,” అని ఒప్పుకున్నాడు. బయటికి వచ్చాక కస్తూరితో, “కస్తూరీ, రెండు వారాలుగా నాకు అన్నం దిగలా. ముందే చెప్పల్సింది నేను,” అన్నాడట.

“నీ మీద ఏమీ లేదని చెప్పారా?” అన్నాను.

“లేదన్నారు. స్టేట్‌మెంటు మళ్ళీ రాయమన్నారు, రాసినాను. మిస్, కడాసిలో, అంతా అయినాక, ఆయన ఎనీథింగ్ ఎల్స్ అని అడిగినాడు. ఇంకేమన్నా చెప్పాలనా అని.”

“నువ్వేం చెప్పావు?”

“ఐ వాజ్ వండరింగ్ సార్, కెన్ వీ హ్యావ్ ఎ లాక్ ఫర్ దట్ స్విచ్ అన్నాను. మూత తెరిచినోళ్ళు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుంటే, ఎవురూ ఆన్ చెయ్యలేరు కదా.”

పన్నెండు మంది ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. కింద టైలరు ఏమైందోనని మెట్లెక్కి వచ్చాడు. ‘ఐ వాజ్ వండరింగ్’ నేను రైలులో రెండు నిమిషాలు, అదీ ఊరికే చెప్పిన మాట. దానితో ఆమె తన కోసం ఏమీ అడుక్కోలేదు, ఆ లైనులో పనిచేసే అందరి వేళ్ళ కోసం అడిగింది.

నెల తిరిగేసరికి ప్రెస్సులన్నిటికీ తాళాలు వచ్చాయి, చెడిపోయిన మూతల ఏర్పాటు బాగుచేశారు. దేవరాజ్‌కు హెచ్చరిక ఇచ్చి, కొన్నాళ్ళు శిక్షణకు పంపారు. కస్తూరి వేలికొస మాత్రం తిరిగి రాలేదు. చలికాలంలో ఆ వేలు సలుపుతుందని ఇప్పటికీ అంటుంది. ఆమెను ప్రెస్సు నుంచి తనిఖీ విభాగానికి మార్చారు. ఈమధ్య ఎవరికి దెబ్బ తగిలినా స్టేట్‌మెంటు రాసేటప్పుడు ఆమెను పిలుస్తున్నారట. కలం పట్టేముందు ఆమె వాళ్ళను కూర్చోబెట్టి, నీళ్ళు ఇచ్చి, “అప్పుడు నువ్వు ఏం చేస్తా ఉండినావు?” అని ఇంటిభాషలో అడుగుతుందట. జవాబు పూర్తిగా విన్న తరువాతే ఇంగ్లీషు మొదలుపెడుతుందట.

ఆ కేసు నాకు నేర్పింది కూడా అదే. క్లాసులో ఇంగ్లీషు తప్ప ఇంకో మాట వినిపించకూడదని పట్టుబట్టిన టీచరును నేను. మనిషికి ముందే తెలిసినదాన్ని నేనే గది బయట నిలబెట్టి, లోపల ఖాళీలు పూరించమంటూ ఉన్నాను. ఇప్పుడు కొత్త బ్యాచి మొదటి రోజున నేను పుస్తకం తెరవను. నిన్న ఇంట్లో కరెంటు పోయినప్పుడు మీరు ఏం చేస్తా ఉంటిరి అని తెలుగులోనో తమిళంలోనో అడుగుతాను. ఒకరు దోసె తిప్పుతూ ఉంటారు, ఒకరు పిల్ల తల దువ్వుతూ ఉంటారు, ఒకరు ఆఫీసుకు ఆలస్యమై చొక్కా ఇస్త్రీ చేస్తూ ఉంటారు. జవాబు లేని మనిషి ఇంతవరకు నాకు కనబడలేదు.